ఒకే చప్పుడుకు రెండు పరుగులు

మా మనసు డాక్టరమ్మ గదిని ఆస్పత్రి మేనేజరు జనరేటర్ పక్కన పెట్టించాడు. భయపడి వచ్చేవాళ్ళను కూర్చోబెట్టడానికి అంతకన్నా పనికిరాని చోటు పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా వెతికినా దొరకదు. అడిగితే, ఖాళీగా ఉన్న గది అదొక్కటే అన్నాడు. అది ఎందుకు ఖాళీగా ఉందో ఆయనకు తట్టలేదు.

కరెంటు పోగానే జనరేటర్ ధడేలుమని అందుకునేది. కిటికీ అద్దాలు గజగజలాడేవి. గది బయట వరండాలో ఒక పొడుగాటి ఇనుప బెంచీ ఉండేది. ఆ చప్పుడుకు బెంచీ మీదివాళ్ళంతా ఒక్కసారే లేచేవాళ్ళు. కానీ అందరూ ఒకే వైపు పరిగెత్తేవాళ్ళు కాదు. కొందరు గేటు వైపు, రోడ్డు మీదికి. కొందరు జనరేటర్ వైపు. వరండా ఇరుకు. మధ్యలో ఒకరినొకరు గుద్దుకునేవాళ్ళు.

రోడ్డు వైపు పరిగెత్తేది ఫ్యాక్టరీలో కాలినవాళ్ళు, హైవే మీద లారీ కింద పడి బతికినవాళ్ళు, అది కళ్ళారా చూసిన ఇంటివాళ్ళు. జనరేటర్ వైపు పరిగెత్తేది ఫైర్ స్టేషన్ వాళ్ళు, అంబులెన్స్ వాళ్ళు, ఫ్యాక్టరీల్లో సేఫ్టీ పని చేసేవాళ్ళు. అందరి గుండె ఒకే తీరుగా దడదడలాడేది. కాళ్ళే వేరే వేరే వైపులు పట్టేవి. జరిగిన ఘోరం మనిషిలో ఎట్లా మిగిలిపోతుందో నాకు మొదట చెప్పింది ఆ జనరేటరే.

నేను ఆ ఆస్పత్రిలో ఆయాగా చేశాను. ముందు చాలా ఏళ్ళు క్యాజువాల్టీలో, చివరి ఏళ్ళు ఈ డాక్టరమ్మ గది దగ్గర. పేరు ఎస్తేరమ్మ. ఇప్పుడు ఇంట్లో ఉంటున్నాను. కొత్తగా పనిలో చేరిన అమ్మాయిలు ఆదివారం చర్చి దగ్గర కనబడి, పని ఎట్లా ఉంటుందక్కా అని అడుగుతుంటారు. తుడవడం, కడగడం, స్ట్రెచర్ తిప్పడం నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి. రానిది వేరే ఉంది. అది రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాకే. టోకెన్ చీటీ మీది పేరు చదివి పిలవాలి కాబట్టి మా హెడ్ సిస్టర్ రత్నమ్మ నేర్పింది. అంటే నేను మొదట చదివింది మనుషుల పేర్లే. అందుకేనేమో, ఏ సంగతి రాయబోయినా ముందు ఒక మనిషి పేరే వస్తుంది.

ముందుకొచ్చి కనబడండి

రత్నమ్మ సిస్టర్ నోరు మంచిది కాదు. నర్సులను తిట్టేది, డాక్టర్లను తిట్టేది, గోడ గడియారాన్ని కూడా తిట్టేది. కానీ ఆమె పెట్టిన ఒక నియమం నేను ఏ పెద్ద డాక్టరు నోటా వినలేదు. రోగిని వెనక నుంచి పిలవకూడదు. ముందుకొచ్చి, కనబడి, అప్పుడు పిలవాలి.

స్ట్రెచర్ తోసే రాములు ఈ మాట లెక్కచేయలేదు. ఒక లారీ క్లీనర్, యాక్సిడెంట్ నుంచి బయటపడ్డవాడు, కుర్చీలో కూర్చుని ఉప్మా తింటున్నాడు. రాములు ప్రేమగానే వెనక నుంచి వీపు మీద చరిచి, "ఏం తమ్మీ, మంచిగున్నవా?" అన్నాడు. ఆ పిల్లవాడు కూర్చున్నచోటు నుంచి అట్లాగే గాల్లోకి లేచాడు. ఉప్మా ఫ్యాను దాకా పోయింది.

"ఇగో, ఇప్పుడు ఫ్యాను గూడ నువ్వే తుడువు," అంది రత్నమ్మ సిస్టర్. "వాని వెనకనే గద లారీ వచ్చింది. నువ్వు గూడ వెనకనే వస్తివి."

ఇది మామూలు జనం సంగతి. ఆపద పని చేసేవాళ్ళతో ఆమె నియమం వేరు. అంబులెన్స్ వాళ్ళెవరైనా ఘోరం చూసి వస్తే, "కూర్చో బాబూ, నీళ్ళు తాగు" అనేది కాదు. కుర్చీ చూపిస్తే వాళ్ళు మాయమైపోతారు. "జెర ఈ సెలైన్ స్టాండు పట్టుకో, నేనిప్పుడే వస్త," అని చేతిలో పెట్టి వెళ్ళిపోయేది. స్టాండుకు చక్రాలుంటాయి, దాన్ని ఎవరూ పట్టుకోనక్కర్లేదు. అయినా వాళ్ళు పట్టుకుని నిలబడేవాళ్ళు. కొంతసేపటికి చేతుల వణుకు తగ్గేది. అప్పుడు తానే వచ్చి, "ఇంక వదులు, నీ పుణ్యాన రోగి బతికిండు," అనేది.

మా దోస్తుకు నిద్ర పట్టట్లేదు

తర్వాత డాక్టర్ నీరజ వచ్చింది. వారంలో రెండు రోజులు ఉండేది. ఘోరం మనిషిలో మిగిలిపోయే ఆ జబ్బుకు ఆమె చెప్పే ఇంగ్లీషు పేరు పొడుగ్గా ఉండేది. మేము పీటీఎస్‌డీ అని పొట్టిగా అనుకునేవాళ్ళం. డాక్టరమ్మది చిన్న వయసు, నవ్వు మొహం. వచ్చిన కొత్తలో ఫైర్ స్టేషన్‌కు వెళ్ళి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. వాళ్ళు శ్రద్ధగా విన్నారు, చాయ్ పోశారు, సమోసా పెట్టారు, మాకేం లేదు మేడం అని గౌరవంగా సాగనంపారు.

ఆ తర్వాత ఒక్కొక్కరే ఆస్పత్రికి రావడం మొదలుపెట్టారు. డాక్టర్ దగ్గరికి కాదు, నా దగ్గరికి.

"అక్కా, మా దోస్తొకడున్నడు. వానికి నిద్ర పడుతలేదు. ఏమన్న గోలీ ఉంటదా?"

"మీ దోస్తును రమ్మను బాబూ."

"వాడు రాడక్కా. సిగ్గు."

"కళ్ళ కింద నల్లగా అయిందా మీ దోస్తుకు? గడ్డం గీసుకున్నప్పుడు తెగిందా?"

అతను గడ్డం తడుముకునేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు అయిపోయేలోగా చేయి పట్టి లోపలికి పంపాలి. ఆలస్యమైతే దోస్తు ఆరోగ్యం హఠాత్తుగా బాగుపడిపోతుంది.

నేను చూసినంతలో చెబుతాను. మామూలు మనిషికి ఎక్కువగా ఒకే రోజు ఉంటుంది. ఆ రోజు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ చోటికి పోలేరు, ఆ వాసన పడదు, ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. పని మీద ఆ చోటికి పోయినవాళ్ళకు ఒక రోజు కాదు, రోజుల మీద రోజులు పేరుకుంటాయి. వాళ్ళు ఆ చోటు వదలలేరు. సెలవు పెట్టరు. జోకులు వేస్తారు. బయటికి చెబితే బండి మీద నుంచి దింపేస్తారేమోనని భయం. అందరూ ఇట్లాగే ఉంటారని కాదు. తారుమారుగా ఉన్నవాళ్ళనూ చూశాను. కానీ బెంచీ మీద ఎవరు నిశ్శబ్దంగా ఉన్నారో వాళ్ళనే కాదు, ఎవరు అందరినీ నవ్విస్తున్నారో వాళ్ళను కూడా చూడండి.

నిలబడి తినే మనిషి

గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో రియాక్టర్ పేలిన రోజు నేను క్యాజువాల్టీలోనే ఉన్నాను. కంపెనీ వ్యాను ఒకటి దెబ్బలు తగిలినవాళ్ళతో వచ్చింది. దాన్ని నడుపుకుంటూ వచ్చినాయన ఫైర్ యూనిఫాంలో ఉన్నాడు. వ్యాను అసలు డ్రైవరు పొగకు సొమ్మసిల్లి వెనక సీట్లో ఉన్నాడు. ఆ ఫైర్ ఆయన పేరు యాదగిరి. వ్యానులో మొహానికి గుడ్డ చుట్టుకుని వచ్చిన అమ్మాయి షాహీన్, ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేది. ఆ రోజు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరినీ చూసింది నేను.

షాహీన్ కాలిన గాయాలు మానాయి. ఇంట్లో మాత్రం కుక్కర్ పెట్టలేకపోయింది. విజిల్ వస్తే వీధిలో ఉండేది. అత్త దాన్ని నాటకం అంది. భర్త బొల్లారం వైపు షేర్ ఆటో నడిపేవాడు, మంచివాడు. అతనే మా దగ్గరికి తెచ్చాడు.

యాదగిరిని కూతురు మౌనిక తెచ్చింది. అప్పటికి ఆ పేలుడు జరిగి చాలా కాలమైంది. ఆయనకు ఏమీ లేదని ఆయన లెక్క. ఉన్నదల్లా ఒకటే: కూర్చోడు. అన్నం నిలబడి తింటాడు, తలుపు దగ్గర. బస్సులో సీటున్నా ఫుట్‌బోర్డు మీదే. స్టేషన్‌లో ఆఫీసరు ఆయన్ను చూపించి, చురుకుదనం అంటే అది అని కొత్తవాళ్ళకు చెప్పేవాడట. షాహీన్ జబ్బుకు నాటకమని పేరు వచ్చింది, ఈయన జబ్బుకు చురుకుదనమని పేరు వచ్చింది. పేరు మంచిదైతే జబ్బు ఇంకా ఎక్కువ కాలం దాక్కుంటుంది.

మౌనికకు పెళ్ళి కుదిరింది. కన్యాదానానికి తల్లిదండ్రులు పీటల మీద కూర్చోవాలి కదా. యాదగిరి, "మా అన్న వదిన కూసుంటరు. నేను పార్కింగ్ చూసుకుంట," అన్నాడు.

"పార్కింగ్ అంట మేడం," అంది మౌనిక డాక్టర్‌తో. "నన్ను సాదింది వీళ్ళు. కాళ్ళు కడిగేది పెద్దనాయనా? డాడీ కూసోకుంటే నేను గూడ కూసోను. లగ్గం నిలవడే చేసుకుంట."

"గట్లనే చేసుకో బిడ్డా, జల్దీ అయితది," అన్నాడు యాదగిరి. మౌనిక నవ్వలేదు.

డాక్టర్ నీరజ అందరినీ గుండ్రంగా కుర్చీల్లో కూర్చోబెట్టి మాట్లాడించేది. యాదగిరిని కూడా పిలిచింది. ఆయన తలుపుకు ఆనుకుని నిలబడి, బాయిలో పడ్డ బర్రెను తీయబోయి ఫైర్ వాళ్ళే బాయిలో పడ్డ కథ చెప్పాడు. ఎన్నడూ నోరు విప్పనివాళ్ళు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అందరూ వెళ్ళాక చూస్తే ఆయనకు వేసిన కుర్చీ వేసినట్టే ఉంది. తర్వాతి వారం ఆయన రాలేదు.

"ఆయన ఇక్కడ కూడా డ్యూటీ చేసి వెళ్ళాడు ఎస్తేరమ్మా," అంది డాక్టర్ నీరజ. "పేషెంటుగా రానే లేదు. నాకు అప్పుడే తెలియాల్సింది."

ఇట్లా తన పొరపాటు తానే చెప్పే డాక్టర్ దొరికితే వాళ్ళ దగ్గర పని చేయండి. జీతం కాస్త తక్కువైనా సరే.

రిలీవర్

మౌనిక పట్టు వదలలేదు. యాదగిరి మళ్ళీ వచ్చి వరండాలో నిలబడ్డాడు. షాహీన్ బెంచీ మీద ఉంది. కరెంటు పోయింది, జనరేటర్ ధడేలుమంది. ఆమె గేటు వైపు ఉరికింది, ఆయన జనరేటర్ వైపు ఉరికాడు. ఇద్దరి తలలూ టప్పున తగిలాయి.

"జర దేఖ్‌కే భయ్యా," అంది షాహీన్ నుదురు రుద్దుకుంటూ. "అటెందుకు ఉరుకుతున్నవ్?"

"నువ్విటెందుకు ఉరుకుతున్నవ్ చెల్లే?"

"నాకు భయం. చిట్టీ మీద గూడ రాసింది. నీకేంది?"

"నాకేం లేదు. నేను పని మీద ఉరికిన."

"ఏం పని? జనరేటర్ నీదా?"

నేను ఇద్దరికీ చాయ్ ఇచ్చాను. ఆయన నిలబడే తాగుతున్నాడు. "కూసో భయ్యా, బెంచీ కరువదు," అంది షాహీన్. అప్పుడు నేనే చెప్పాను, ఆ రోజు నిన్ను వ్యానులో తెచ్చిన ఫైర్ బండి డ్రైవరు ఈయనే బిడ్డా అని. షాహీన్ ఆయన వైపు తిరిగి, ఫైర్ బండి వదిలి వ్యాను ఎందుకు నడిపావని అడిగింది.

ఆయన అప్పుడు చెప్పాడు. డాక్టర్ అడిగితే చెప్పనిది, తల బొప్పి కట్టించినామెకు చెప్పాడు.

ఫైర్ బండి డ్రైవరు మంటలోకి పోడు. బండి పక్కన పంపు దగ్గర నిలబడి, మీటరు ముల్లు చూస్తూ నీళ్ళ ఒత్తిడి తగ్గకుండా కాస్తాడు. లోపలికి పోయినవాళ్ళ ప్రాణం ఆ నీళ్ళ మీదే ఉంటుంది. అందుకే పంపు వదలాలంటే ఇంకొకరు రావాలి. పోయేవాడు "నీదేనా?" అని అడుగుతాడు. వచ్చినవాడు పంపు మీద చేయి వేసి "నాదే" అంటాడు. ఆ మాట వినకుండా కదలకూడదు. ఆ రోజు నర్సింలు అనే ఫైర్‌మన్, యాదగిరికి తమ్ముడిలాంటివాడు, పైపు పట్టుకుని లోపల ఉన్నాడు. ఆఫీసరు అరిచాడు, వ్యాను తీసుకుని పో, మనుషులు పోయేటట్టున్నరు అని. యాదగిరి చుట్టూ చూశాడు. పంపు మీద చేయి వేసేవాళ్ళు ఎవరూ లేరు. పంపును అట్లాగే నడవనిచ్చి వ్యాను ఎక్కాడు.

"నర్సింలన్నకు ఏమైంది?" అంది షాహీన్.

"ఏం కాలే. మంచిగ బయటికొచ్చిండు. రోజూ కలిసి చాయ్ తాగుతం."

షాహీన్ గ్లాసు కింద పెట్టింది. "మా కంపెనీల రిలీవర్ రాంది మిషన్ వదలొద్దు. ఇంకో షిఫ్టయినా సరే, ఆడనే నిలవడాలె. నీకు రిలీవర్ రాలే, గంతేనా?"

"రాలే."

"అయితే నువ్వింకా డ్యూటీ దిగలే భయ్యా."

ఆమె గొంతు తగ్గించింది. "నువ్వాడనే నిలవడితే, నేనీడ కూసునేదాన్ని కాదు."

చీటీ చేతిలో పట్టుకుని షాహీన్‌ను పిలవడానికి వచ్చిన డాక్టర్ నీరజ తలుపు దగ్గరే ఆగిపోయి ఉంది. "ఆ రోజు గురించి నర్సింలుతో ఎప్పుడైనా మాట్లాడారా?" అని అడిగింది.

"రోజూ మాట్లాడుతం మేడం. క్రికెట్, పిల్లల చదువులు, అన్నీ."

"ఆ రోజు గురించి?"

"ఏం కాలేదు గద మేడం. ఏం కానిదాన్ని ఏమని మాట్లాడాలె?"

వీళ్ళకూ మామూలు జనానికీ ఇంకొక తేడా ఇక్కడే ఉంది. మామూలు మనిషిని జరిగింది వెంటాడుతుంది. వీళ్ళను జరిగింది వెంటాడుతుంది, జరగబోయి ఆగిపోయింది కూడా వెంటాడుతుంది. జరగనిదానికి ఓదార్చేవాళ్ళు ఉండరు.

డాక్టరమ్మ నర్సింలును రమ్మంది. ఈసారి కుర్చీలు వేయలేదు. బెంచీని జనరేటర్ దగ్గర నుంచి ఎక్స్-రే గది అవతలికి మార్చాలి, సాయం చేస్తారా అని ఇద్దరినీ అడిగింది. మేనేజరుతో ఎన్నో రోజులు పోట్లాడి తెచ్చుకున్న అనుమతి అది. చెరొక కొస పట్టుకున్నారు. ఆ బెంచీ మోస్తే ఎదురెదురుగా ఒకరి మొహం ఒకరు చూడక తప్పదు. నేను వెనకాల తుడుస్తూ వెళ్ళాను.

ఎక్స్-రే గది మలుపు దగ్గర యాదగిరి అడిగాడు. "నర్సిం, ఆ దినం నేను పోయినంక పంపు కాడ ఎవరున్నరు?"

"నేనే ఉన్న అన్నా. నీళ్ళు జెర గుంజుడు తగ్గినట్టనిపించి బయటికొచ్చి చూసిన. నువ్వు లేవు. పైపు వేరేటోనికిచ్చి నేనే నిలవడ్డ. ఆఖరు దాక నేనే."

"మరి చెప్పలేదేందిరా?"

"నువ్వడగలే. నాకై నేను చెప్తే, ఇడిచిపెట్టి పోయినవని ఎత్తిపొడిచినట్టు ఉంటదని."

"ఇన్ని దినాలు గదే చాయ్ తాగినం గదరా."

"చాయ్ మంచిగనే ఉండె గదన్నా."

ఇద్దరూ బెంచీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. "కింద పెట్టండి నాయనా, చూస్తుంటే నా నడుము నొస్తోంది," అన్నాను. అప్పుడు పెట్టారు. నర్సింలు కూర్చున్నాడు. యాదగిరి నిలబడే ఉన్నాడు.

అవును, నిలబడే ఉన్నాడు. ఒక మాటతో బాగైపోయిందని రాస్తే మీరు నమ్మొచ్చు, కానీ అది అబద్ధం. తలకు తెలిసినంత తొందరగా కాళ్ళకు తెలియదు అంది డాక్టర్ నీరజ. ఆయన చాలా వారాలు వచ్చాడు, నిద్రకు మందు వాడాడు, ఆ రోజు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పడం నేర్చుకున్నాడు. షాహీన్ ముందు నీళ్ళతో, మంట లేకుండా కుక్కర్ మూత పెట్టడం, తీయడం నేర్చుకుంది. లగ్గం దగ్గరపడుతున్నా, ఆయన కూర్చుంటాడో లేదో మాలో ఎవరికీ తెలియదు. మౌనిక మాత్రం పెళ్ళి పత్రిక ఇస్తూ, "పెద్దనాయన పీటల బట్టలు కొనుక్కోలే, చూద్దాం," అంది.

పీటల మీద

పెళ్ళి కిష్టారెడ్డిపేటలో ఒక ఫంక్షన్ హాల్లో. నేను, షాహీన్ కలిసి వెళ్ళాం. గేటు దగ్గర పట్టుపంచె కట్టుకుని యాదగిరి బండ్లను సర్దుతున్నాడు. లోపల ఆయన భార్య ఒక్కతే పీట మీద కూర్చుని ఉంది, పక్క పీట ఖాళీ. పంతులు మైకులో పెళ్ళికూతురి తండ్రిని రమ్మని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. యాదగిరి ఒక ఇన్నోవాను వెనక్కి రమ్మని చేయి ఊపుతూనే ఉన్నాడు.

తెల్ల చొక్కా వేసుకుని నర్సింలు గేటు దగ్గరికి వచ్చాడు. "అన్నా, పిలుస్తున్నరు."

"పోత. ఈ బండొక్కటి."

నర్సింలు పోలేదు. ఆయన ముందుకొచ్చి, కనబడేట్టు నిలబడి, గేటు కమ్మీ మీద చేయి వేశాడు. యాదగిరి ఆ చేతిని చూశాడు.

"నీదేనా?" అన్నాడు.

"నాదే," అన్నాడు నర్సింలు.

యాదగిరి పంచె సర్దుకుని లోపలికి నడిచి పీట మీద కూర్చున్నాడు. మౌనిక తల వంచుకునే ఉంది కానీ భుజాలు కదిలాయి. అల్లుడి కాళ్ళు కడుగుతుండగా కరెంటు పోయింది. ఎక్కడ ఏ పెళ్ళి జరిగినా ఆ సమయానికే పోతుంది. హాలు వెనక జనరేటర్ ధడేలుమంది. యాదగిరి సగం లేచాడు. గేటు దగ్గర నుంచి నర్సింలు చేయి ఎత్తి చూపించాడు. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. చెంబులో నీళ్ళు కొంచెం అల్లుడి పంచె మీద ఒలికాయి, అంతే.

నా పక్కన చూస్తే షాహీన్ లేదు. కాసేపటికి మెల్లగా వచ్చి కూర్చుంది.

"ఎక్కడికి పోయినవ్ బిడ్డా?"

"చెప్పులున్నయో లేవో చూసొచ్చిన ఖాలా," అంది. రోడ్డు దాకా పోలేదు. చెప్పుల దగ్గరి నుంచే వెనక్కి వచ్చింది. అది చిన్న సంగతి కాదు.

తంతు ముగిసింది. తల్లిదండ్రులు ఇక లేవవచ్చు అన్నాడు పంతులు. తల్లి లేచింది. యాదగిరి లేవలేదు. ఫోటోలవాళ్ళు చుట్టూ చేరారు, వంటవాళ్ళు విస్తళ్ళు వేస్తున్నారు, తర్వాతి తంతుకు పీట కావాలని ఎవరో తొందర పెడుతున్నారు.

"డాడీ, అయిపోయింది. లేవొచ్చు," అంది మౌనిక.

"ఉండు బిడ్డా," అన్నాడు యాదగిరి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. "జెరసేపు కూసుంట."